శాలా సిద్ధి ఫారంలో అన్నిటికీ మూడేనా?

ప్రశ్న: బడి ఎలా ఉందో మేమే మదింపు వేసుకునే శాలా సిద్ధి ఫారం ఏటా నింపి ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. మా కాంప్లెక్స్‌లో, అంటే చుట్టుపక్కల బడుల సముదాయంలో, దాదాపు అందరూ అన్నిటికీ మూడో స్థాయే, అంటే అన్నిటికన్నా పైదే, వేస్తారు. తక్కువ వేస్తే పైనుంచి అడుగుతారేమోనని భయం. సరిగ్గా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఏడు విభాగాలు, 46 ప్రమాణాలు. ఇవన్నీ ఒక్క సాయంత్రం కూర్చుని నింపితే మూడు తప్ప ఇంకోటి పడదు. వారానికి రెండు విభాగాల చొప్పున నెల రోజులు పెట్టుకోండి.

మొదటి విభాగం, అంటే వనరులు, చేయి తిరగడానికి మంచిది. అక్కడి 12 ప్రమాణాల్లో ఒక్కోదానికి రెండు తీర్పులు ఇవ్వాలి: చాలినన్ని ఉన్నాయా అనేది ఒకటి, బాగుండి వాడుకలో ఉన్నాయా అనేది రెండోది. మరుగుదొడ్లు లెక్కకు సరిపోతే మొదటిదానికి 3 వేయండి. ట్యాంకుకు నీళ్లెక్కక వాటికి తాళం వేసి ఉంటే రెండోదానికి 1 వేయక తప్పదు. లైబ్రరీ సంగతీ అంతే. బీరువాలో ఎన్ని పుస్తకాలున్నాయని కాదు, ఇష్యూ రిజిస్టరులో పోయిన నెల ఎందరు పిల్లల పేర్లున్నాయో చూడండి.

ఇద్దరు టీచర్లు ఒకరిది ఒకరు చూడకుండా పెన్సిలుతో స్థాయిలు వేయాలి. ప్రతి అంకె పక్కన అది ఎక్కడ చూసి వేశారో ఒక్క ముక్క రాయాలి: ఫలానా రిజిస్టరు, ఫలానా తరగతి నోటుపుస్తకాలు, ఫలానా తేదీ. ఆ ముక్క రాయలేకపోతే ఆ అంకె చెల్లదు. ఇద్దరి అంకెలూ కలిసినవి వదిలేసి, తేడా వచ్చినవాటి మీదే మాట్లాడుకోండి. ఒకే టీచరున్న బడి అయితే పక్క ఊరి టీచరును పిలిచి, మీరు వాళ్ల బడికి వెళ్లండి.

ఇక భయం సంగతి. నీళ్ల సౌకర్యానికి మూడు వేసి, బడికి ఏం కావాలో రాసే డెవలప్‌మెంట్ ప్లాన్‌లో కొళాయి అడిగితే ఎవరిస్తారు? ఎక్కువ వేయడం వల్ల నష్టం బడికే.

ప్రశ్న: మూడో తరగతి పిల్లలు నిమిషానికి 60 పదాలు చదవాలంటున్నారు. మా క్లాసులో సగం మంది చదివేస్తున్నారు కానీ అర్థం చెప్పలేరు. పరీక్షలోనే ఏదో లోపం ఉందనిపిస్తోంది.
– ఒక ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు), ప్రకాశం జిల్లా

జవాబు: ముందుగా మీరిచ్చే పేరా పాఠ్యపుస్తకంలోదేమో చూడండి. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలనే కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యంలో 60 పదాలని ఉన్నది పిల్లలు ముందు చూడని పాఠం గురించి. పుస్తకంలో పాఠం అయితే నాలుగో వాక్యానికి వచ్చేసరికి కళ్లు పేజీ మీద ఉండవు, కంఠస్థం వచ్చింది నడిచిపోతుంది. పైగా తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి మన పదం పొడవు. 2022లో కేంద్ర విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్టీ చేసిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీ అనే సర్వే 20 భాషలకు నిమిషానికి ఇన్ని పదాలనే హద్దులు విడివిడిగా పెట్టింది అందుకే. 60ని ఒక గీతగా పెట్టుకోండి, దాన్ని పట్టుకుని పిల్లలను తోలకండి.

పరీక్ష ఇలా పెట్టండి. కొత్త పేరాలు మూడు రాసుకుని మార్చి మార్చి ఇవ్వండి. ఒక్కొక్కరినే వరండాలోకి పిలవండి, లేకపోతే వెనక నిలబడ్డవాళ్లు విని నేర్చేసుకుంటారు. ఫోన్‌లో నిమిషం పెట్టి, తప్పు చదివిన పదాల కింద గీత గీయండి. నిమిషం అయ్యాక పేరా పూర్తిగా చదవనిచ్చి నాలుగు ప్రశ్నలు అడగండి. వాటిలో ఒకటైనా జవాబు పేరాలో నేరుగా దొరకనిది కావాలి. మీ క్లాసు మీరు కాక, నాలుగో తరగతి టీచరు పరీక్షిస్తే మంచిది. తెలిసిన పిల్లవాడు తడబడితే మన నోరు ఊరుకోదు, అందించేస్తాం.

ఆ రోజు రానివాళ్లను వదిలేయకండి. తరచూ బడి మానేసేవాళ్లే చదువులో వెనకబడతారు. వాళ్లను తీసేస్తే సగటు దానంతట అదే పెరుగుతుంది. అసలు సగటే వద్దు. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులున్న పదాలు, వాక్యాలు, చిన్న కథ అని ఐదు మెట్లు గీసి, ఏ మెట్టు మీద ఎవరున్నారో పేర్లు రాయండి. ఎక్కువమంది ఆగేది ఒత్తుల దగ్గరే. ‘పద్మ’ను ‘పదమ’ అని చదివే అమ్మాయికీ, ఇంకా ‘ద’ గుర్తుపట్టలేని అబ్బాయికీ ఒకే రెమెడియల్ క్లాసు పెడితే ఇద్దరికీ దండగ.

లెక్కల్లోనూ మార్కు కంటే తప్పు ఎక్కువ చెబుతుంది. 52లోంచి 38 తీసేసి 26 అని రాసిన పిల్లవాడు అజాగ్రత్తగా చేయలేదు. ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్నది తీశాడు. వాడికి ఇంకో ఇరవై లెక్కలిస్తే అదే తప్పు ఇరవైసార్లు చేస్తాడు. పుల్లల కట్టలిచ్చి, పది పుల్లల కట్ట ఒకటి విప్పించండి.

ప్రశ్న: నేను ఎస్ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) సభ్యురాలిని. మీటింగుకు పిలుస్తారు, సంతకం పెట్టించుకుంటారు, టీ ఇస్తారు. మేం ఏం అడగవచ్చు?
– ఒక తల్లి, కర్నూలు జిల్లా

జవాబు: విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి పనితీరు, గ్రాంటుల ఖర్చు గమనించడం మీ బాధ్యతే అమ్మా, ఎవరి దయా కాదు. రెండు లెక్కలు నేర్చుకుంటే చాలు.

ఒకటి భోజనం. కేంద్ర నియమం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. నలభై మంది తిన్నారని రిజిస్టరులో ఉంటే ఆ రోజు 4 కిలోల బియ్యం, 800 గ్రాముల పప్పు, 2 కిలోల కూరగాయలు వాడి ఉండాలి. చెప్పకుండా ఒక రోజు పదకొండున్నరకు వంటగదికి వెళ్లి చూడండి. ఆ తర్వాత వరుసల్లో కూర్చున్న పిల్లలను లెక్కపెట్టి, అదే రోజు హాజరు పట్టీతో పోల్చండి. వంట చేసే ఆమెతో తగువు పెట్టుకోవద్దు. సరుకు ఆమె చేతికి ఎంత అందుతోందో అడగండి.

రెండోది గ్రాంటు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బడి ఖర్చులకిచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు 30 మంది వరకు ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది దాకా 25,000. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి పెట్టాలి. ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, దేనికి పోయింది అని అడిగి, జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: హెచ్ఎంగా ఉంటూ నేనూ క్లాసులు చెప్పాలి. తోటి టీచర్ల పాఠాలు ఎప్పుడు చూడను?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వారానికి ఒకసారి, పదిహేను నిమిషాలు చాలు. టీచరును కాదు, పిల్లలను చూడండి. కాగితం మీద బెంచీలు గీసి, నోరు విప్పిన ప్రతి పిల్ల దగ్గర చుక్క పెట్టండి. చుక్కలన్నీ ముందు వరుసలోనే పడితే ఆ కాగితమే టీచరుకు ఇవ్వండి, వేరే ఉపన్యాసం అక్కర్లేదు. రెండు తరగతులు కలిపి కూర్చోబెట్టిన గదిలో, టీచరు ఒక తరగతితో ఉండగా రెండోది ఎన్ని నిమిషాలు ఖాళీగా ఉందో రాసుకోండి. మాట్లాడేది ఆ రోజే, ఒక్క విషయం గురించే. మూడు వారాలయ్యాక అదే క్లాసుకు మళ్లీ వెళ్లి కొత్త కాగితం మీద చుక్కలు పెట్టి, పాతదాని పక్కన ఉంచి చూడండి.