షేర్‌వేర్ పంచుకోవడానికి రూల్స్ ఉండేవా?

ఉండేవండీ, బ్రహ్మాండంగా ఉండేవి. మీ నాన్నగారి పాత ఫ్లాపీల్లో షేర్‌వేర్ ప్రోగ్రాములు (ముందు వాడి చూసి, నచ్చితే డబ్బు కట్టేవి) దొరికాయి, అప్పట్లో వీటిని బులెటిన్ బోర్డుల్లో (మోడెమ్‌తో ఫోన్ చేసి ఫైళ్ళు ఎక్కించి, దించుకునే కంప్యూటర్లలో) ఎవరు పడితే వాళ్ళు పెట్టేసేవారా అని అడిగారు. "ఫ్రీయే కదా, కాపీ చేసుకుంటే ఏమైంది" అనేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తుంటారు. అది పూర్తిగా తప్పు. పది మందికీ ఇవ్వండి అన్నది ప్రోగ్రాము రాసినాయనే, కానీ ఎలా ఇవ్వాలో కూడా ఆయనే రాసి అదే జిప్‌లో పెట్టేవాడు.

నేను 1990ల మొదట్లో ఒహాయోలో ఎమ్మెస్ చదివాను. సెకండ్ హ్యాండ్ పీసీ, 2400 బాడ్ మోడెమ్. ఊళ్ళో బోర్డులకి లోకల్ కాలే కాబట్టి బిల్లు గొడవ లేదు, గొడవంతా టైముతోనే. వంద కేబీ ఫైలు దిగడానికి ఏడు నిమిషాలు, ఒక మెగాబైటు అంటే గంట పైమాటే, ఈలోపు రూమ్మేట్‌కి ఎవరైనా ఫోన్ చేస్తే కాల్ వెయిటింగ్ బీప్‌కి లైను పుటుక్కున తెగేది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, జిప్‌లో అనవసరంగా ఒక్క ఫైలు చేర్చినా దించుకునేవాడి టైము తిన్నట్టే.

అసలు రూలు ఒక్కటే, మిగతావన్నీ దాని పిల్లలు: ప్యాకేజీ మొత్తం, మార్చకుండా ఇవ్వాలి. ప్రోగ్రాము, డాక్యుమెంటు, ఆర్డర్ ఫారం, అన్నీ. ఫ్లాపీ మీద కాపీ చేసిస్తే ఖర్చులకి కొద్ది డాలర్లు తీసుకోవచ్చు, అంతకు మించి అమ్ముకోకూడదు. డబ్బు కట్టినవాళ్ళకి వచ్చే రిజిస్టర్డ్ వెర్షన్ బోర్డు మీద పెట్టనే కూడదు. 1993 డిసెంబరులో డూమ్ అనే గేమ్ వచ్చినప్పుడు మొదటి ఎపిసోడ్ మాత్రమే షేర్‌వేర్. అందులో డేటా ఫైలు పేరు డూమ్1.వాడ్, కొనుక్కున్నదాంట్లో డూమ్.వాడ్. మా ఊరి సిసాప్, అంటే బోర్డు నడిపే ఆయన, ఆ పేరు చూసే రెండోదాన్ని అక్కడికక్కడ తీసిపారేసేవాడు. ఎవరేం అప్‌లోడ్ చేసినా ముందు తనే విప్పి, వైరస్ స్కాన్ చేసి, ఒకసారి నడిపి చూశాకే జనానికి వదిలేవాడు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్ళు కూర్చుని చేసేవాడు ఈ పనంతా. అలాంటివాళ్ళ మీదే ఆ వ్యవస్థ నడిచింది.

ఈ రూలు విలువ నాకు బాగా తెలిసింది నా సొంత ప్రోగ్రాముతోనే. అప్పు వాయిదాలు లెక్కగట్టే చిన్న డాస్ ప్రోగ్రాము రాసి, నచ్చితే పది డాలర్లు పంపండి అని బోర్డుకెక్కించాను. అప్పుడప్పుడూ పోస్టులో చెక్కు వచ్చేది, ఆ కవరు చింపుతుంటే ఉండే ఆనందం జీతంలో ఎప్పుడూ లేదు. ఒకరోజు పక్క ఊరి బోర్డులో నా ఫైలే కనిపించింది, కానీ సైజు పెరిగి ఉంది. దించుకుని లోపల లిస్టు చూశాను. ఆర్డర్ ఫారం లేదు. దాని బదులు ఆ బోర్డు ఫోన్ నంబరుతో, స్టార్లతో గీతలతో బాక్సులు కట్టిన ప్రకటన ఫైళ్ళు. నా డాక్యుమెంటులో మొదటి పేజీ, నా అడ్రసు ఉన్న పేజీ, కత్తిరించేశారు. శుభలేఖలో పెళ్ళివారి పేర్లు కొట్టేసి ప్రెస్సువాడు తన పేరు వేసుకున్నట్టుంది. సిసాప్‌కి మర్యాదగానే మెసేజ్ పెట్టాను. "మా బోర్డు వల్ల నీ ప్రోగ్రాము పది మందికి తెలుస్తోంది, సంతోషించు" అని జవాబు. అడ్రసే లేని ప్రోగ్రాము ఎంతమందికి తెలిస్తే మాత్రం నాకేం వస్తుంది? ఎన్నిసార్లు రాసినా ఫైలు తీయలేదు.

జిప్ ఫైళ్ళు కట్టే పీకేజిప్ ప్రోగ్రాము కొనుక్కున్నవాళ్ళకి దీనికో మందు ఉండేది. ముద్ర వేసినట్టు జిప్ చేస్తే, విప్పేటప్పుడు ప్రతి ఫైలు పక్కన 'ఏవీ' అని పడేది, ఎవరైనా లోపల చెయ్యి పెడితే ఆ గుర్తు పోయేది. తర్వాత నేనూ అదే వాడాను.

చాలా చెత్తకి కారణం రేషియో అని నా గట్టి నమ్మకం. ఇన్ని దించుకోవాలంటే ఇన్ని ఎక్కించాలి అని లెక్క పెట్టేసరికి, ఉన్న ఫైలునే పేరు మార్చి మళ్ళీ ఎక్కించడం మొదలైంది. ఆ తర్వాత సీడీలవాళ్ళు వచ్చారు, బోర్డుల్లో ఉన్నదంతా గంపగుత్తగా ఊడ్చి అమ్ముకున్నారు, పాత వెర్షనా కొత్తదా అని చూసిన పాపాన పోలేదు. ఆ మధ్య ఇన్‌స్టాలర్లో టూల్‌బార్లు ఇరికించిన డౌన్‌లోడ్ సైట్లు చేసిందీ సరిగ్గా ఆ పక్క ఊరి సిసాప్ చేసిన పనే. జనం అలవాటు పడిపోయారు గానీ నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బాబ్ వాలెస్ అనే ఆయన 1983లో పీసీ-రైట్ అనే వర్డ్ ప్రాసెసర్‌ని షేర్‌వేర్‌గానే వదిలాడు. రిజిస్ట్రేషన్ 75 డాలర్లు. మీరు రిజిస్టర్ చేసుకుని మీ కాపీ ఇంకొకరికి ఇస్తే, వాళ్ళు డబ్బు కట్టినప్పుడు మీకు 25 డాలర్లు కమీషన్. పంచినవాడికి కూడా వాటా! అదంతా నడవాలంటే ఎవరి కాపీ నుంచి వచ్చిందో చెప్పే నంబరు చెక్కుచెదరకుండా ఉండాలి కదా.

ఇక మీ ఫ్లాపీల సంగతి. వాటిని ఎక్కడైనా ఎక్కించే ఉద్దేశం ఉంటే ముందు వెండార్.డాక్, రీడ్.మీ లాంటి ఫైళ్ళు తెరిచి చూడండి, షరతులు అక్కడే ఉంటాయి. జిప్‌ని విప్పి మళ్ళీ కట్టకండి, ఫైళ్ళ తేదీలు మార్చకండి. ఆ అడ్రసులో ఇప్పుడు ఎవరూ లేకపోయినా సరే, ఆర్డర్ ఫారం మాత్రం దయచేసి తీసేయకండి.