గేదె కాఫీ రంగులో మూత్రం పోస్తోందా? ముందు పరీక్ష చేయించండి

ప్రశ్న: మా ముర్రా గేదె నాలుగో ఈత. ఈని 20 రోజులైంది. నాలుగు రోజులుగా కాఫీ రంగులో మూత్రం పోస్తోంది. పూటకు 5 లీటర్లిచ్చేది, ఇప్పుడు లీటరున్నరే. జ్వరం లేదు. వరిగడ్డి తప్ప దాణా పెద్దగా పెట్టడం లేదు. పిడుదుల జ్వరమని మందుల షాపులో రెండు సూదులు, లివర్ టానిక్ ఇచ్చారు. తగ్గలేదు. ఇంకేం వేయించాలి?
– ఒక రైతు, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

జవాబు: షాపువాళ్లు ఇచ్చే సూదులు ఇక ఆపండి. ఇది పిడుదుల జ్వరంలా లేదు. అదైతే సాధారణంగా 104 డిగ్రీలు దాటి ఒళ్లు కాలిపోతుంది. ఈనిన నెలలోపు పాడి గేదె జ్వరం లేకుండా ఇలా పోస్తే నా మొదటి అనుమానం భాస్వరం (ఫాస్ఫరస్) లోపం. రక్తంలో భాస్వరం పడిపోతే ఎర్రకణాలు చిట్లి, ఆ రంగే మూత్రంలోకి దిగుతుంది.

డాక్టరు సూది వేయకముందే మూత్రం పట్టండి. మానం కింద చేత్తో మెల్లగా నిమిరితే పోస్తుంది. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పట్టండి. పురుగుమందు డబ్బాలు, టానిక్ సీసాలు వద్దు. గంటలోపు పశువైద్యశాలకు చేర్చండి. కొంచెం మూత్రాన్ని ఇంకో సీసాలో కదపకుండా ఉంచండి. ఎరుపు అడుక్కి దిగితే అది రక్తం, మూత్రాశయంలోనో కిడ్నీలోనో తేడా ఉన్నట్టు. రంగు అలాగే నిలిచి ఉంటే కణాలు చిట్లినట్టు. మూత్రంలో ముంచితే రంగు మారే పరీక్ష స్ట్రిప్ ఈ రెంటినీ విడదీసి చెప్పలేదు. కానీ అదే స్ట్రిప్‌లో కీటోన్లు (మేత చాలక ఒంట్లో కొవ్వు కరిగితే వచ్చే పదార్థాలు) కనిపిస్తే పాలు తగ్గడానికి రెండో కారణం కూడా దొరుకుతుంది. చెవి నుంచి రక్తపు చుక్క తీయించి స్లైడు చూపిస్తే పిడుదుల జ్వరం సంగతీ తేలిపోతుంది.

భాస్వరం లోపమని తేలితే డాక్టరు 60 గ్రాముల సోడియం యాసిడ్ ఫాస్ఫేట్‌ను 300 మి.లీ. శుద్ధమైన నీటిలో కలిపి నరానికి నెమ్మదిగా ఎక్కిస్తారు. ఇది మీరు చేసే పని కాదు. ఆ తర్వాత అదే మందును డాక్టరు చెప్పినన్ని రోజులు నోటి ద్వారా తాగించాలి. ఫాస్ఫరస్ సూది అంటూ షాపులో ఇచ్చే చిన్న సీసాలు ఇంత లోటును తీర్చలేవు. తేరుకున్నాక రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, తవుడు కలిపిన దాణా పెట్టండి.

పశువును చూడకుండా, మూత్రం చూడకుండా మందు అమ్మేవాళ్ల మాటతో నాలుగు రోజులు పోగొట్టుకున్నారు. ఈ జబ్బులో నాలుగు రోజులంటే చాలా ఎక్కువ. వేసిన మందుల ఖాళీ సీసాలు పారేయకుండా డాక్టరుకు చూపించండి. కనురెప్ప లోపలి పొర తెల్లగా పాలిపోయి ఉంటే రేపటిదాకా ఆగవద్దు. ఇప్పుడే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. రక్తం ఎక్కించాల్సి రావచ్చు.