మీ ప్రశ్నలు – మా జవాబులు: హవాయి బిగ్ ఐలాండ్‌లో దిగాక

ప్రశ్న: కోనా విమానాశ్రయంలో దిగాం. పచ్చటి దీవి అనుకుని వస్తే ఎటు చూసినా మాడిపోయిన నల్లరాయే. వారమంతా ఇంతేనా?

జవాబు: కాదు. దీవి పడమటి తీరాన మీరు దిగిన రన్‌వే 1801లో హువాలాలై అగ్నిపర్వతం నుంచి పారిన లావా మీద వేసింది. అక్కడ ఇంకా మట్టి పట్టలేదు, వానా తక్కువే. ఈశాన్యం నుంచి నిలకడగా వీచే గాలులు (ట్రేడ్ విండ్స్) తెచ్చే తేమ మౌనా కేయా, మౌనా లోవా తూర్పు వాలుల మీదే కురిసిపోతుంది. రెండూ 4,000 మీటర్లు దాటిన కొండలు మరి. అందుకే తూర్పు తీరంలోని హీలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, వాయవ్యాన కొహాలా రిసార్టుల తీరంలో 250 పడటమే గొప్ప. పచ్చదనం కావాలంటే గాలికి ఎదురుగా ఉన్న వైపుకు వెళ్లాలి.

వారం మొత్తానికి కోనాలోనే గది తీసుకోవడం మా దృష్టిలో తెలివితక్కువ పని. నాలుగు రాత్రులు అక్కడ, మూడు హీలోలోనో అగ్నిపర్వతాల పార్కు పక్కనున్న వోల్కనో గ్రామంలోనో ఉండండి. కైలువా-కోనా నుంచి అగ్నిపర్వతాల నేషనల్ పార్కు 154 కిలోమీటర్లు; రెండు, రెండున్నర గంటలు పడుతుంది. హీలో నుంచి అయితే 48 కిలోమీటర్లే. దీవి మధ్యగా పోయే శాడిల్ రోడ్డు ఎక్కేముందు ట్యాంకు నింపుకోండి, దారిలో పెట్రోలు బంకు లేదు. రోడ్డు సుమారు 2,000 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. పొగమంచు ఉన్నట్టుండి కమ్మేస్తుంది.

ప్రశ్న: రాత్రిపూట లావా చూడాలని ఉంది. ఉష్ణమండలం కదా, చలిబట్టలు అవసరమా?

జవాబు: తప్పకుండా. ఆ పార్కులోని అగ్నిపర్వతం కిలావేయా శిఖరం దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంది. తీరం కంటే ఏడెనిమిది డిగ్రీలు చల్లగా ఉంటుంది, పైగా గాలి, తుంపర. స్వెటరు, దాని మీద వానకోటు, మనిషికో టార్చి, వేళ్లు మూసుకునే బూట్లు కావాలి. ‘ఆఆ’ అనే గరుకైన రకం గడ్డకట్టిన లావా గాజుపెంకులా కోస్తుంది. దాని మీద చెప్పులతో నడవకండి.

ఇక లావా సంగతి. అది రోజూ కనిపిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. 2024 డిసెంబరు 23న కిలావేయా శిఖరం మీది హలేమౌమౌ బిలంలో మొదలైన విస్ఫోటనం ఆగి ఆగి సాగింది. లావా ఎగజిమ్మడం చాలాసార్లు ఒక్క రోజులోపే ముగిసింది, మళ్లీ మొదలయ్యేసరికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టింది. బయల్దేరే ముందు అమెరికా భూగర్భ సర్వే సంస్థ (యూఎస్‌జీఎస్) రోజువారీ ప్రకటన చదవండి. లావా జోరుగా ఎగసే రోజున సన్నటి గాజు పోగులు గాలిలో కొట్టుకొస్తాయి, వాటిని హవాయి అగ్నిపర్వతాల దేవత పేరుతో ‘పేలే వెంట్రుకలు’ అంటారు. కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడగాలి. కారు అద్దం మీద పడితే పొడి వైపర్ వేయకండి, గీతలు పడతాయి. ముందు నీళ్లు పోయాలి.

ప్రశ్న: అగ్నిపర్వతానికి దూరంగా కోనాలో ఉన్నాం. అయినా ఆకాశం మసకగా ఉంది, మా అమ్మాయికి ఆయాసం వస్తోంది. ఎందుకు?

జవాబు: అది వోగ్, అంటే అగ్నిపర్వతపు పొగమసక. కిలావేయా నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఎండ, తేమ, ఆక్సిజన్‌లతో కలిసి సల్ఫేట్ కణాలుగా మారుతుంది. ట్రేడ్ విండ్స్ దాన్ని దక్షిణపు కొన చుట్టూ తిప్పి కోనా వైపు తోస్తాయి. పగలు సముద్రపు గాలి, రాత్రి కొండగాలి అక్కడక్కడే తిప్పుతుంటే మసక త్వరగా వదలదు. దూరం ఒక్కటే చూసుకుంటే లాభం లేదు. కిటికీలు మూసి, కారు ఏసీని లోపలి గాలే తిరిగేలా పెట్టండి. ఎన్95 మాస్కు కణాలను ఆపుతుంది గానీ వాయువును ఆపదు. డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్ పాప దగ్గరే ఉండాలి. వాడినా ఆయాసం తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మసక తగ్గేదాకా పరుగులాటలు వద్దు. గాలి మళ్లి దక్షిణం నుంచి వీచే రోజుల్లో ఈ బాధ హీలో వైపుకు పోతుంది.

ప్రశ్న: హీలోలో రాత్రంతా ఈలల మోత. పక్షులా?

జవాబు: కప్పలు. ప్యూర్టో రికో నుంచి మొక్కల కుండీలతో పొరపాటున వచ్చిపడ్డ కోకీ కప్పలు, బొటనవేలంత కూడా ఉండవు. తెల్లవారేదాకా ఆపవు. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి, లేదా ఫ్యాను జోరు పెంచండి.

ప్రశ్న: పునలూ తీరం నుంచి కాస్త నల్ల ఇసుక తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దు, చట్టం ఒప్పుకోదు. పార్కులో రాయి తీసినా నేరమే. అదే తీరంలో ఎండకు పడుకునే తాబేళ్లకు కనీసం 3 మీటర్ల దూరంలో నిలబడి ఫొటో తీసుకోండి.