సేంద్రియ కూరగాయలు, పండ్లు ఆగకుండా అందాలంటే రైతులు ఎలా కలిసి పనిచేయాలి?

ముందు విత్తే తేదీలు మాట్లాడుకోవాలి. వ్యాన్లు, ధరలు ఆ తర్వాత. బెండ విత్తిన సుమారు 45 రోజులకు కోతకొస్తుంది, ఆపై రోజు విడిచి రోజు కోయాలి. ఊళ్లో అందరూ ఒకే వారంలో విత్తితే కొన్నాళ్లు గుట్టలు పడి ధర పడిపోతుంది, తర్వాత దుకాణానికి పంపడానికి కాయే ఉండదు. పది పదిహేను రోజుల తేడాతో వంతులు వేసుకుంటే ప్రతి వారం సరుకు ఉంటుంది. చాలా సంఘాలు దెబ్బతినేది ఇక్కడే అని నా అభిప్రాయం.

పంట సేంద్రియమని చూపే సర్టిఫికెట్ ఖర్చు ఒక్క రైతుకు భారం. కేంద్ర ప్రభుత్వ పీజీఎస్-ఇండియా పద్ధతిలో కనీసం ఐదుగురు గుంపుగా చేరి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుని ధ్రువీకరణ పొందవచ్చు. ఎవరైనా మందు కొడితే ముందు తెలిసేది పక్క పొలం వాళ్లకే కదా, అందుకే ఈ తనిఖీని నేను తేలిగ్గా తీసుకోను.

పదిమంది రైతులుంటే, రైతులే యజమానులుగా ఉండే ఉత్పత్తిదారుల కంపెనీ (ప్రొడ్యూసర్ కంపెనీ) కూడా పెట్టుకోవచ్చు. సహజ ఆహారం ప్రొడ్యూసర్ కంపెనీ ఇలాగే రైతు సంఘాల పంటను హైదరాబాద్ వినియోగదారులకు చేరుస్తోంది.

పండ్ల తోటలకు సేంద్రియ ధ్రువీకరణ రావడానికి కూరగాయలకన్నా ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి ఆకుకూరలు, కూరగాయలతో అమ్మకం మొదలుపెట్టి, మామిడి, జామను తర్వాత కలుపుకోండి.