బాపుకు సెలైన్ పెట్టించాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. బాపుకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇగ మందుల్లేవు, ఇంటికి తీస్కపొమ్మని హైదరాబాద్‌ల చెప్పిండ్రు. నేను, అమ్మ చూసుకుంటున్నం. నాలుగు రోజుల నుంచి రెండు చెంచాల జావ గూడ దిగుతలేదు. దుబాయిల ఉన్న అన్న రోజూ ఫోన్ చేసి 'ఆర్ఎంపీని పిలిచి సెలైన్ పెట్టియ్యి, ఆకలితోటి చంపుతవా' అంటున్నడు. మార్ఫిన్ మాత్రలేస్తే పానం తొందరగ పోతదని చుట్టాలు భయపెడుతున్నరు. ఏం చెయ్యాలె?

జవాబు: ఆ నింద మీరు మోయాల్సింది కాదమ్మా. తిండి లేక బాపు ఇలా అయిపోలేదు. జబ్బు ముదిరి ఒళ్ళు ఒక్కొక్క పనీ మానుకుంటోంది, అందులో ఆకలి కూడా పోయింది. ఇప్పుడు బలవంతంగా పోసిన జావ ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, దగ్గూ ఆయాసమూ పెరుగుతాయి. సెలైన్ సంగతీ అంతే. ఈ దశలో ఆ నీళ్ళను ఒళ్ళు సరిగ్గా వాడుకోలేదు. కాళ్ళు ఉబ్బుతాయి, గొంతులో గురగుర ఎక్కువవుతుంది. పైగా నరం దొరకని చేతికి సూది పోట్లు.

ఆయనకు నిజంగా ఇబ్బంది పెట్టేది నోరు ఎండడం. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలపండి, రోజూ కొత్తగా. మెత్తటి నూలుబట్ట తడిపి, బాగా పిండి, చిగుళ్ళు, నాలుక, బుగ్గల లోపల తుడవండి. మేలుకుని ఉన్నంతసేపు రెండు గంటలకోసారి. పళ్ళు బిగబట్టే అలవాటుంటే వేలు పెట్టకండి, చిన్నపిల్లల మెత్తటి బ్రష్ వాడండి. పెదవులకు వ్యాజలిన్. నీళ్ళు అడిగితే తల ఎత్తిపట్టి అరచెంచా ఇవ్వండి, మింగాడని చూశాకే ఇంకోటి. మగతలో ఉంటే చుక్క కూడా పోయవద్దు.

మార్ఫిన్ గురించి. డాక్టరు రాసిన మోతాదులో వేస్తే అది ప్రాణం తీయదు, నొప్పితో పాటు ఆయాసాన్నీ తగ్గిస్తుంది. మామూలు మాత్ర పని నాలుగు గంటలే, అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి వేయాలి. మొదటి రెండు మూడు రోజులు మత్తుగా ఉంటాడు, అది తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, కాబట్టి విరేచనాల మందు రోజూ ఉండాల్సిందే. చాలా ఇళ్ళలో తప్పేది ఇక్కడే. మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపేయకండి. మింగలేకపోతే ఏం చేయాలో ఇప్పుడే డాక్టరును అడగండి. ఎక్కువసేపు పనిచేసే రకాన్ని నూరి వేస్తే మోతాదంతా ఒకేసారి ఒంట్లోకి పోతుంది, ప్రమాదం. ప్రభుత్వ ఉపశమన సేవ 'ఆలన' బృందాలు ఇంటికి వచ్చి చూస్తాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) గానీ అడగండి, ఆశా కార్యకర్తకూ చెప్పి పెట్టండి.

ఆయాసానికి వెనక దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టండి, ముఖానికి తగిలేలా ఫ్యాన్ పెట్టండి. చుట్టూ జనం మూగనివ్వకండి. రెండు గంటలకోసారి పక్క మార్చండి, పిక్కల కింద బట్ట మడత పెట్టి మడమలు పరుపుకు ఆనకుండా చూడండి.

చివరి గంటల్లో శ్వాస ఆగి ఆగి వస్తుంది, చేతులు కాళ్ళు చల్లబడతాయి, గొంతులో గురగుర వినిపిస్తుంది. వినేవాళ్ళకే అది భయం, ఆయనకు బాధ తెలిసే స్థితి చాలావరకు ఉండదు. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. ఉన్నట్టుండి పీకులాడితే పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూడండి. మూత్రం ఆగి అక్కడ గట్టిగా ఉంటే నర్సును పిలవాలి. మంచం మీంచి కిందికి దించాలని పెద్దవాళ్ళంటారు. కాదనకండి, కానీ కింద పరుపు వేసి, తల కింద దిండ్లు అలాగే ఉంచండి, వెల్లకిలా పడుకోబెడితే ఊపిరాడదు. తులసితీర్థం గొంతులో పోయకుండా ఆకుతో పెదవులు తడిపితే చాలు.

108ని పిలవాలా వద్దా అన్నది మీరు, అమ్మ, అన్న ఇప్పుడే తేల్చుకోండి. అర్ధరాత్రి గాభరాలో పిలిస్తే బాపు చివరి రాత్రి ఆసుపత్రిలో గడిచిపోవచ్చు. తర్వాత పంచాయతీ కార్యదర్శి దగ్గర 21 రోజుల్లోపు మరణాన్ని నమోదు చేయించండి.

ఇక అన్న. సెలైన్ అడుగుతున్నాడంటే, రాలేక అడుగుతున్నాడు. బాపు పరిస్థితి దాచకుండా చెప్పి, సెలవు పెట్టి ఈ వారమే బయల్దేరమనండి. టికెట్ దొరికేలోపు ఫోన్ బాపు చెవి దగ్గర పెట్టండి. జవాబివ్వకపోయినా వినపడుతూ ఉండొచ్చు. 'బాపూ, నేనే' అని మాట్లాడమనండి.