మూత విప్పే ముందు

చిరంజీవి చిన్నమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ చలిలో ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ మొరాయిస్తున్నదనీ, మెకానిక్ కోసం ఎదురుచూడకుండా నువ్వే మూత విప్పి చూస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది నేనే కనుక గర్వపడ్డాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ బ్యాటరీలు, బ్రేకర్, ఫర్నేస్ పక్కనుండే స్విచ్ ముందు చూసుకో. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక లోపల వేడి పెరిగి లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది, కాబట్టి దాన్ని మార్చెయ్యి. కంట్రోల్ బోర్డు మీది దీపం ఎన్నిసార్లు మిణుకుతున్నదో కరెంటు కట్టేయకముందే లెక్కపెట్టుకో. కొన్ని బోర్డుల్లో కరెంటు తీస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది. ఆ లెక్కకు అర్థం చెప్పే పట్టిక సాధారణంగా మూత లోపలివైపే అంటించి ఉంటుంది. మంట వెలిగిన కొద్ది సెకన్లకే ఆరిపోతుంటే ఫ్లేమ్ సెన్సర్‌ను అనుమానించాలి. ఆ సన్నని కడ్డీకి పొర పట్టిందంటే మంట ఉన్నా లేనట్టే లెక్క. కరెంటూ గ్యాసూ కట్టేసి, దాన్ని బయటికి తీసి, సన్నరకం స్టీల్ పీచుతో మెల్లగా రుద్దు. నీది తొందర చెయ్యి, పింగాణీ భాగం చిట్లగొట్టకు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీ అన్నయ్య రెండేళ్లవాడప్పుడు, మంచు విపరీతంగా కురిసిన ఒక రాత్రి, మా ఫర్నేస్ కూడా ఇలాగే ఆగింది. తప్పు ప్రెషర్ స్విచ్ దగ్గరుందని బోర్డు చెప్పింది. స్విచ్చే పాడైందని తీర్మానించుకుని, దాని రెండు కొసలనూ వేలెడు తీగముక్కతో కలిపేశాను. మంట భగ్గున అందుకుంది, నా తెలివికి నేనే మురిసిపోయి పడుకున్నాను. తెల్లవారేసరికి మీ పెద్దమ్మ తల పగిలిపోతున్నదన్నది, పిల్లవాడు వాంతి చేసుకుని మగతగా పడి ఉన్నాడు. రాత్రి తిన్నదేదో పడలేదనుకున్నాను. పార పుచ్చుకుని మంచు తీయడానికి బయటికి వెళ్తే నా తలనొప్పి కాస్త సర్దుకుంది, లోపలికి రాగానే మళ్లీ పట్టుకుంది. అప్పుడు గోడవారకు పరుగెత్తి చూస్తే ఎగ్జాస్ట్ గొట్టం మూతి మంచులో పూడిపోయి ఉంది. పొగ బయటికి పోవడం లేదని ఆ స్విచ్ చెబుతూనే ఉంటే, దాని నోరు నొక్కింది నేనే. పిల్లవాణ్ని దుప్పటితో సహా ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు, రంగూ లేదు తల్లీ.

కాబట్టి బోర్డు ప్రెషర్ స్విచ్ పేరు చెబితే ముందు బయటి గొట్టాలు చూడు, తర్వాత నీరు పోయే సన్న గొట్టం గడ్డకట్టిందేమో చూడు. ఏ సేఫ్టీ స్విచ్‌కూ తీగ చుట్టకు. గ్యాస్ వాసన వస్తే ఏ మీటా ముట్టకుండా అందరూ బయటికి వెళ్లి, అక్కణ్నుంచే ఫోను చేయండి.

పడకగది దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ రోజే పెట్టించు. దాని మీట నొక్కి, ఆ మోత నాకు ఫోనులో వినిపించాకే మూత విప్పు. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ పెదనాన్న