వ్యాను గోడలకు ఏ షీటు వేయాలి: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత ట్రావెలర్ వ్యాను కొన్నావనీ, సీట్లు తీయించి అందులోనే పడక, వంట గట్టు అమర్చుకుని దేశం తిరగాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఎండ వేడి లోపలికి రాకుండా గోడలకు థర్మోకోల్ వేయాలా, గాజు పోగుల దూదిలాంటి గ్లాస్ ఊల్ వేయాలా, చల్లగానే ఉబ్బి గట్టిపడే పఫ్ (పాలీయురేథేన్) ఫోమ్ కొట్టించాలా అని అడిగావు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ముప్పై రెండేళ్లు నేను చేసిన పని అదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నువ్వు వేడి గురించే అడిగావు. నేను ముందు నీటి గురించి చెప్పాలి. ఒకసారి ఒక కోల్డ్ స్టోరేజీలో గది ఎంతకీ చల్లబడటం లేదని నన్ను పిలిచారు. యంత్రాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. అనుమానం వచ్చి గోడ విప్పించాను. పిల్లవాడు కూడా ఒంటి చేత్తో ఎత్తగలిగే థర్మోకోల్ పలక నానిన దుప్పటిలా బరువెక్కి ఉంది. బయటివైపు పూసిన తారు ఒకచోట పగిలింది. ఆ పగులులోంచి బయటి గాలిలోని ఆవిరి ఏళ్ల తరబడి చల్లని వైపు పోయి, పలకలోనే నీరుగా మారింది. నానిన పలక చలిని ఆపలేదు. ఆ గోడ మొత్తం పీకి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

కోల్డ్ స్టోరేజీలో వేడి ఎప్పుడూ బయటే ఉంటుంది కాబట్టి ఆవిరికి అడ్డు కూడా బయటివైపు కడతాం. నీ వ్యాను విషయం అలా కాదు. డిసెంబరులో లంబసింగిలో తలుపులు మూసుకుని పడుకుంటే లోపల వెచ్చన, బయట చలి. వానాకాలం విశాఖ తీరంలో ఏసీ వేసుకుంటే లోపల చలి, బయట ఉక్క. ఆవిరి ఒక రోజు అటు పోతుంది, మరో రోజు ఇటు వస్తుంది. ఇరవై డిగ్రీల గాలి ఘనమీటరుకు సుమారు 17 గ్రాముల ఆవిరిని మోయగలదు. అదే గాలి ఐదు డిగ్రీలున్న వ్యాను రేకుకు తగిలితే 7 గ్రాములకు మించి మోయలేదు. మిగిలినదంతా రేకు మీద చెమటలా పడుతుంది. ఇద్దరు మనుషులు రాత్రంతా నిద్రపోతే శ్వాస, చెమటల ద్వారా అర లీటరు దాకా నీరు గాలిలో చేరుతుంది. కిలో వంటగ్యాసు మండితే కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. ఆ నీరు నీ కంటపడదు. చెక్క పలకల వెనక రేకును తింటుంది.

అందుకే నేను వెతికే గుణాలు రెండు. షీటు తనలోకి ఆవిరిని రానివ్వకూడదు. రేకుకు సందు లేకుండా అతుక్కోవాలి. ఈ రెండూ ఉన్నది ఏసీ డక్టులకు చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు షీటు. దానిలోని బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి. వంపులకు చక్కగా ఒదుగుతుంది, వ్యాను అదురుకు పగలదు. గోడలకు 19 మిల్లీమీటర్లది, పైకప్పుకు 25 మిల్లీమీటర్లది తీసుకో. తల తగలదనుకుంటే పైన రెండు పొరలు వేయి. అతుకుల మీద అదే రబ్బరు టేపు అంటించు. మంటను పాకనివ్వని రకమే అడుగు. కొనేముందు చిన్న ముక్క తెచ్చి ఆరుబయట నిప్పు పెట్టి చూడు. నిప్పు తీయగానే ఆరిపోవాలి. నువ్వు పడుకునేది ఆ గోడల మధ్యనే.

దుకాణంలో అంకెలు చూపించి పఫ్ ఫోమే గొప్పదంటారు. అంకెల వరకు నిజమే. వేడిని ప్రసరింపజేసే గుణం పఫ్‌కు 0.022 నుంచి 0.028 దాకా ఉంటుంది, రబ్బరు షీటుకు 0.035 దరిదాపుల్లో, గ్లాస్ ఊల్‌కు కూడా సుమారు అంతే. అంకె తగ్గేకొద్దీ మంచిది. అయితే వ్యాను అస్థిపంజరమైన ఉక్కు పట్టీల అంకె యాభై దాకా ఉంటుంది. ఆ పట్టీలను వదిలేసి వాటి మధ్య గుంటల్లో ఎంత ఖరీదైన సరుకు నింపినా వేడి పట్టీల దారినే వస్తుంది. కాబట్టి పట్టీల మీద కనీసం 6 మిల్లీమీటర్ల పలుచటి రబ్బరు షీటైనా అంటించి, ఆ తర్వాతే చెక్క బిగించు. ఇక ఫోమ్ కొట్టించడం నాకు ఇష్టం లేదు. అది ఉబ్బేటప్పుడు పలుచటి రేకును బయటికి నెట్టగలదు, వైర్లను మింగేస్తుంది. రేపు ఎక్కడైనా తుప్పు పడితే ఉలితో చెక్కడం తప్ప మార్గం ఉండదు.

గ్లాస్ ఊల్ భవనాలకు మంచి సరుకే, మండదు కూడా. వ్యానులో మాత్రం అదురుకు కిందికి జారుతుంది, తడిని పట్టుకుని వదలదు. థర్మోకోల్ చౌక అని ఆశపడకు. వంపులకు ఒదగదు, దారి పొడవునా కీచుమంటుంది, రబ్బరు షీటుకు వాడే ఘాటు గమ్ తగిలితే కరిగిపోతుంది. నేలకు మాత్రం థర్మోకోల్ జాతిదే అయినా గట్టిగా ఉండే ఎక్స్‌పీఎస్ పలక 25 మిల్లీమీటర్లది పరిచి, పైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయి. మనిషి బరువుకు అది అణగదు. మెరిసే ఫాయిల్ షీటు రేకుకు అంటిస్తే ప్రయోజనం లేదు. ఫాయిల్ ముందు గాలి సందు ఉంటేనే అది వేడిని తిప్పి కొడుతుంది. దానితో కిటికీలకు తెరలు కత్తిరించుకో. వేడి ఎక్కువగా వచ్చేది అద్దాల్లోంచే.

ఇదంతా మొదలుపెట్టే ముందు వ్యానును ఒక పెద్ద వానలో నిలబెట్టు. వాన లేకపోతే పైపుతో గంటసేపు నీళ్లు కొట్టి, లోపల టార్చి వేసి ప్రతి మూలా చూడు. కారుతున్న చోటు మూయకుండా షీటు వేయవద్దు. తుప్పును వైరు బ్రష్షుతో గీకి రెడ్ ఆక్సైడ్ పూయి. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని గమ్‌తోనో షీటుతోనో మూసేయవద్దు. పైకప్పుకు తెల్ల రంగు వేయించు. ఆ డబ్బా రంగు చేసే మేలు మరో పొర షీటు కూడా చేయకపోవచ్చు.

ఎంత మంచి షీటైనా వేడిని ఆలస్యం చేస్తుంది, అంతే. మే నెలలో రెంటచింతల ఎండలో మధ్యాహ్నమంతా నిలిపితే లోపల ఉడికిపోతావు. పైకప్పుకు 12 వోల్టుల ఫ్యాను, కింద గాలి వచ్చే సందు తప్పనిసరి. చలి రాత్రుల్లో కూడా సందు పూర్తిగా మూయవద్దు. గ్యాసు పొయ్యి వెలిగించినప్పుడు అది ప్రాణానికి సంబంధించిన విషయం.

సీట్లు తీసిన సంగతి ఆర్‌సీలో నమోదు కావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌టీవో అనుమతి ముందుగా తీసుకో.

షీట్లు అంటించాక చెక్క బిగించకుండా ఒక రాత్రి లంబసింగిలో పడుకుని రా. తెల్లవారగానే చేత్తో ప్రతి అతుకూ తడిమి చూడు. ఎక్కడ తడి తగిలితే అక్కడ సుద్దతో గీత పెట్టి, వ్యానును గుంటూరు తీసుకురా. నా దగ్గర రెండు చుట్టల రబ్బరు టేపు మిగిలి ఉంది. ఇద్దరం కలిసి ఆ గీతలు చూసుకుందాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య